వేరు తువ్వాలు, వేరు కంచం

1999. సింగపూర్, టోవా పాయో. నలుగురు తెలుగు ప్రోగ్రామర్లు కలిసి అద్దెకుంటున్న ఫ్లాటు. ఆదివారం పొద్దున వంటింట్లో రాఘవులు స్టవ్ మీద సాక్సులు ఉడకబెడుతున్నాడు. అతనికంటే పదేళ్ళు చిన్నవాడైన ప్రేమ్ వచ్చి, కాళ్ళు కడుక్కోడానికి బకెట్టు అందుకున్నాడు.

“ఆ బకెట్టు కాదు ప్రేమ్. అది నాది. నీలం రంగుది తీసుకో.”

“ఏదైతే ఏముంది లెండి, కాళ్ళు కడుక్కోడానికేగా.”

“ఏదైతే ఏముందా? మార్కర్‌తో నా పేరు రాసి పెట్టారు కదా దాని మీద. అదిగో, ఇంతేసి అక్షరాలు.”

“అది అభిజిత్ రాశాడు.”

“ఎవరు రాస్తేనేం. పేరైతే నాదే.”

“స్టవ్ మీద ఏంటది?”

“సాక్సులు. భయపడకు, గిన్నె కూడా నాదే. కింద కొట్లో కొనుక్కున్నా.”

“నేనేం భయపడలేదు. రాఘవులు గారూ, ఒక మాట...”

“గారా?”

“ఆ?”

“మొన్నమొన్నటిదాకా అన్నా అనేవాడివి. ‘అన్నా, పప్పులో ఇంకాస్త ఇంగువ పడాలి’ అని గిన్నె మూత తీసి చూసేవాడివి. ఈ గారు ఎప్పట్నుంచి?”

“అబ్బే... పొరపాటున వచ్చేసింది.”

“మర్యాద పొరపాటున వస్తుందా ఎవరికైనా? సరేలే. ఏదో మాటన్నావు, చెప్పు.”

“కాలు ఎలా ఉంది?”

“తగ్గిపోయింది.”

“మొత్తానికా?”

“చూపిస్తానుండు. ఇదిగో, చిటికెనవేలి సందు.”

“వద్దు వద్దు. ఊరికే అడిగా.”

“అడిగాక చూడాలి కదయ్యా. తెల్లగా పాచిపోయి పొరలు పొరలుగా ఊడేది ఇక్కడే కదా. ఇప్పుడేమన్నా ఉందా? పగులుందా? వాసనుందా?”

“లేదు.”

“గట్టిగా చెప్పు, హాల్లోకి వినపడేలా.”

“హాల్లో ఎవరూ లేరు. విజయ్ మార్కెట్‌కి వెళ్ళాడు. అభిజిత్ ఆఫీసుకి. బ్యాంకులో ఇవాళ తేదీలు 2000లోకి మార్చి వైటూకే బగ్గు టెస్టింగ్ చేస్తున్నారు.”

“ఓహో. అందుకా వచ్చావు. ఎవరూ లేరని.”

“అలా ఎందుకనుకుంటారు? మరి తగ్గిపోతే ఇంకా ఆ క్రీము దేనికి? కిటికీలో ట్యూబు చూశాను.”

“డాక్టరు దగ్గరికి నువ్వూ వచ్చావుగా నాతో. వినలేదా?”

“హాంకాంగ్ ఫుట్ అంది. అంతే గుర్తుంది.”

“హాంకాంగ్ ఫుట్, వెరీ కామన్ లా, అని ఈ ఊరి యాసలో చెప్పి నవ్వింది. ఈ ఊళ్ళో వేడి, తడి, దానికి తోడు పొద్దుట్నుంచీ బూట్లలో కాళ్ళు. ఎవరికైనా వస్తుందంది. రోజూ రెండుసార్లు రాయమంది. దురద పోగానే మానెయ్యొద్దంది. పైకి బాగానే కనపడుతుందట, లోపల దాక్కుని ఉంటుందట. తగ్గాక కూడా ఇంకో రెండు వారాలు రాస్తేనే చస్తుందంది.”

“అవునవును. బూట్లు కూడా...”

“రెండు జతలుండాలి. ఇవాళ వేసుకున్నవి రేపు ఆరాలి. వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకుని, పౌడరు చల్లుకుని అప్పుడు సాక్సులు. సాక్సులు వేసుకున్నాకే డ్రాయరు వేసుకోమంది. అప్పుడు నువ్వు కిసుక్కున నవ్వావు.”

“గుర్తొచ్చింది. కాలినుంచి గజ్జల్లోకి పాకుతుందని.”

“ఆ. నవ్వడం మాత్రం గుర్తుంటుంది మనకి. ఇంకోటి కూడా చెప్పింది. అది గుర్తుందా?”

“ఏంటి?”

“ఒకే బాత్రూమ్ వాడుకునేవాళ్ళు, ఎవరెవరికి ఉందో అందరూ ఒకేసారి మందు రాయాలంది. ఒకడు రాసి ఇంకొకడు రాయకపోతే మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటుందంది. ఇంటికొచ్చి నలుగురికీ చెప్పాను. ఎవరు రాశారు?”

“అప్పటికి విజయ్‌కి లేదుగా.”

“నీకుంది.”

“నాకా?”

“నీకే.”

“నాకేదో కొంచెం... పొడిబారినట్టు...”

“నేను ఈ ఇంట్లోకి పెట్టె పట్టుకుని వచ్చిన రోజు నువ్వు సోఫాలో కూర్చుని దువ్వెనతో కాలివేళ్ళ సందున గోక్కుంటున్నావు ప్రేమ్. ఏంటయ్యా అంటే, స్విమ్మింగ్ పూల్ నీళ్ళు పడలేదన్నా అన్నావు. అక్కడ షవర్ల దగ్గర ఒట్టికాళ్ళతో తిరుగుతావు నువ్వు.”

“అంటే ఇదంతా నావల్ల వచ్చిందంటారా?”

“నేనలా అన్నానా? మొదటి రోజు బాత్రూమ్‌లోకి వెళ్తుంటే, జారుతుందన్నా, నా స్లిప్పర్లు వేసుకో అని ఇచ్చావు. మంచి మనసుతోనే ఇచ్చావు. నాకు రావాలని నీకేం లేదుగా. అది బూజు. దానికి ఎవరి కాలైనా ఒకటే.”

“మరి విజయ్ వాళ్ళకి ఎందుకు చెప్పలేదు? నాక్కూడా ఉందని?”

“నువ్వు చెబుతావేమోనని చూశాను.”

“నాకు... సందర్భం రాలేదు.”

“బకెట్టు మీద పేరు రాస్తున్నప్పుడు పక్కనే ఉన్నావు కదా. అంతకంటే సందర్భం ఏముంటుంది?”

“సరే, తప్పే. ఇప్పుడవన్నీ ఎందుకు చెప్పండి. నేను వచ్చింది ఒక మంచి మాట చెబుదామని. జురాంగ్ వెస్ట్‌లో ఒక రూముంది.”

“ఎవరికి?”

“రాజారావు అంకులని ఒకాయన. వాళ్ళ ముత్తాతల నాడే మన వైపు నుంచి వచ్చేశారంట. తెలుగు, అరవం, మలాయ్ అన్నీ కలిపి మాట్లాడతాడు. చాలా మంచాయన. రూముకి సొంత బాత్రూమ్ ఉంది. రైల్వే స్టేషన్ దగ్గరే.”

“ఎవరికి అని అడిగాను.”

“మీకే. మీకు హాయిగా ఉంటుందని.”

“నాకు హాయా?”

“అక్కడైతే ఈ బకెట్లు, ఈ పేర్లు, ఏమీ ఉండవు. మీ ఇష్టం వచ్చినట్టు ఉండొచ్చు.”

“నాకు హాయి కావాలని ఎవరన్నారు? నేననలేదే.”

“అందరం అనుకున్నాం.”

“అందరూ అంటే? నేను లేకుండా అందరా?”

“విజయ్‌కి కూడా కాలికి వచ్చింది కదండీ. రోజూ రాత్రిళ్ళు గోక్కుంటున్నాడు. చిరాగ్గా ఉన్నాడు. ఫ్లాటు అతని పేరు మీద ఉంది. నేనేం చెయ్యను?”

“ఆ అంకుల్ నా గురించి ఏమన్నా అడిగాడా?”

“కాలి సంగతి ముందే చెప్పేశాను, తర్వాత మాట రాకూడదని. ఆయన నవ్వాడు. ‘అది ఇక్కడ అందరికీ వస్తుందప్పా, పౌడరు కొట్టుకోమను’ అన్నాడు.”

“ఇంకేమీ అడగలేదా?”

“ఇంకేం అడుగుతాడు?”

“ఏమో. కొందరు అడుగుతారుగా.”

“ఆయన ఇక్కడే పుట్టాడండీ. అవన్నీ ఆయనకేం... తలుపు చప్పుడైంది. విజయ్ వచ్చినట్టున్నాడు. తర్వాత మాట్లాడదాం.”

“తర్వాతెందుకు? రానియ్.”

“ప్రేమ్! ఎక్కడున్నావురా? ఈ సంచీ పట్టుకో.”

“వంటింట్లో ఉన్నాం విజయ్.”

“అబ్బ, మార్కెట్‌లో ఏం జనంరా బాబూ. రొయ్యలు తెచ్చాను. కింద హాకర్ సెంటర్‌లో టిఫినుకి ప్రాటా రొట్టెలు కట్టించాను, వేడిగా ఉన్నాయి, వచ్చెయ్. ఓ, రాఘవులు గారు కూడా ఉన్నారా. మీరు తినేసుంటారనుకున్నాను.”

“లేదు విజయ్. పర్లేదులే.”

“నా దాంట్లో సగం ఆయనకి పెడతాను విజయ్.”

“నీకు తెచ్చింది నువ్వు తిను ప్రేమ్. ఆయనకి కావాలంటే కిందే కదా కొట్టు. ఏమంటారు రాఘవులు గారూ?”

“అవును, కిందే. నీ కాలు ఎలా ఉంది విజయ్?”

“ఈ ఇంట్లో ఉంటే ఎలా తగ్గుతుందండీ. రాస్తూనే ఉన్నాను.”

“ఏం రాస్తున్నావు?”

“మా అమ్మ పంపించిన ట్యూబు. ఇదిగో, జేబులోనే ఉంది. రాయగానే చల్లబడిపోతుంది.”

“ఒకసారి చూడనీ. ఇందులో స్టెరాయిడ్ ఉంది విజయ్. పైకి ఎరుపు తగ్గుతుంది, దురద తగ్గుతుంది. కానీ బూజు చావదు, అడుగున పాకుతుంది. డాక్టరు నాకు ప్రత్యేకంగా చెప్పింది, ఇలాంటివి రాయొద్దని. అదిగో, మడమ పక్కకి వచ్చేసింది చూడు నీకు...”

“ఏయ్, ముట్టుకోకండి!”

“ముట్టుకోలేదు. వేలితో చూపించానంతే.”

“కోబాల్ ప్రోగ్రామరు డాక్టరు ఎప్పుడయ్యారండీ? ఆ ట్యూబు అక్కడ పెట్టెయ్యండి. వద్దులెండి, మీరే ఉంచుకోండి. నేను ఇంకోటి తెప్పించుకుంటా. ప్రేమ్, చెప్పావా?”

“చెబుతున్నాను.”

“చెప్పు మరి, నాన్చుతావేంటి. రాత్రి మా బాబాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఇంకా అట్లాగే ఉన్నార్రా మీరంతా అని అడిగాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. నేను హాల్లో ఉంటా. ప్రాటా చల్లారకముందే రా.”

“వస్తున్నా విజయ్.”

“వెళ్ళు ప్రేమ్. చల్లారిపోద్ది.”

“అతనేం కావాలని అనలేదు. మార్కెట్ రద్దీలో మర్చిపోయుంటాడు.”

“ఇద్దరికి తేవడం గుర్తుండి, ఒకడికి తేవడం మర్చిపోయాడు. అంతేలే. ప్రేమ్, నేనొకటి అడుగుతా. తువ్వాలు వేరుగా పెట్టుకోమంది డాక్టరు. స్లిప్పర్లు, సాక్సులు, కాళ్ళు తుడుచుకునే పట్టా వేరుగా పెట్టుకోమంది. నిజమే. నేనే వచ్చి మీకు చెప్పాను. కంచం వేరుగా పెట్టమని ఎప్పుడంది?”

“శుభ్రత కోసం...”

“గ్లాసు వేరుగా పెట్టమని?”

“ముందు జాగ్రత్తండీ. తప్పేముంది?”

“కాలితో అన్నం తింటామా ప్రేమ్?”

“అలా కాదు. గోక్కున్న చేత్తోనే కదా తింటాం, వండుతాం. అందుకే విజయ్ మిమ్మల్ని వంట మాన్పించింది.”

“నువ్వు గోక్కోవా? నిన్న చారు నువ్వే పెట్టావు. విజయ్ రెండు చేతులా గోక్కుంటున్నాడు, ఆ చేతుల్తోనే ఇవాళ రొయ్యలు ఒలుస్తాడు. అందరూ తింటారు. నేను ఒక్కణ్ణే ఎందుకు వండకూడదు?”

“నన్నడిగితే నేనేం చెప్పను?”

“పోనీ ఇది చెప్పు. నా కాలికి జూన్‌లో మొదలైంది. జూన్, జూలై రెండు నెలలూ నా చేతి వంటే తిన్నారు. కుంటుకుంటూ వండాను. నీ పుట్టినరోజుకి పాయసం చేశాను. అప్పుడెవరికీ కంచాలు గుర్తురాలేదు. మరి ఆగస్టులో ఎందుకు గుర్తొచ్చాయి?”

“అప్పుడే కదా కాలు ముదిరింది.”

“ఆగస్టుకి తగ్గుముఖం పట్టింది. ఆగస్టులో ఏం జరిగిందో నీకు తెలుసు. విజయ్ వాళ్ళ బాబాయి వచ్చాడు.”

“కేశవరావు గారికి దీంతో ఏం సంబంధం? ఆయన మన కంపెనీలో పార్ట్‌నరు. క్లయింటుని కలవడానికొచ్చి, మనల్ని చూసి వెళ్ళాడు.”

“ఇక్కడే, ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. చేపల పులుసు మారు వడ్డించుకున్నాడు. ఎవరయ్యా వండింది, ఇంటి దగ్గర తిన్నట్టుంది అన్నాడు. నేను పొంగిపోయాను. తర్వాత నేను నా ఊరు చెప్పాను. ఊళ్ళో మీ ఇల్లెక్కడ అన్నాడు. చర్చి వెనక అన్నాను. అంతే. కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయాడు. నువ్వు ఎదురుగానే ఉన్నావు.”

“కడుపు నిండిపోయుండొచ్చు.”

“ఆ మాట నువ్వు నమ్ముతున్నావా?”

“...ఏమో.”

“నా మొహం చూసి చెప్పు. నమ్ముతున్నావా?”

“గొంతు తగ్గించండి. విజయ్ ఉన్నాడు.”

“మర్నాడు పొద్దున నేను లేచేసరికి నా కంచం, నా గ్లాసు, నా చెంచా సింకు కింద చీపురు పక్కన ఉన్నాయి. ఏంటిది అంటే అభిజిత్ నా కాళ్ళ వైపు చూపించాడు. ‘ఇన్‌ఫెక్షన్ అండీ, ఏమనుకోవద్దు’ అన్నాడు. కులం అనడానికి మొహమాటమయ్యా మీకు. చదువుకున్నవాళ్ళు కదా, పైగా పరాయి దేశం. తామర అనడానికైతే ఏ మొహమాటమూ అక్కర్లేదు.”

“అందర్నీ ఒకే గాటన కట్టకండి. నేను అలాంటివాణ్ణి కాదు.”

“నా పక్కన కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయింది నువ్వు?”

“నా పరిస్థితి మీకు తెలీదు.”

“చెప్పు, తెలుసుకుంటాను.”

“ఈ బగ్గు పని జనవరి దాకానే. ఆ తర్వాత ఎవర్ని ఉంచుతారో ఎవర్ని వెనక్కి పంపిస్తారో కేశవరావు గారి చేతిలో ఉంది. ఇక్కడ నేను ఒక్కమాట మీ వైపు మాట్లాడితే, అది ఫోన్‌లో హైదరాబాద్ పోద్ది. అందుకే నోరు మూసుకుని ఉంటున్నా. మీ మీద కోపం ఉండి కాదు.”

“నా కాంట్రాక్టు సంగతి ఆయన అప్పుడే తేల్చేశాడులే. శుక్రవారం మెయిల్ వచ్చింది. డిసెంబరుతో సరి.”

“అరెరే. నాకు తెలీదు. నిజంగా తెలీదు.”

“తెలిస్తే ఏం చేసేవాడివి?”

“ఆయనతో ఎవరు మాట్లాడగలరండీ.”

“పోనీలే. రూము తాళం ఎవరి దగ్గరుంది?”

“రాజారావు అంకుల్ దగ్గరే. ఈ నెలాఖరుదాకా టైముంది, తొందరేం లేదు.”

“ఎందుకు నెలాఖరుదాకా? ఇవాళే పోతాను. సాక్సులు ఆరితే చాలు. వెదురుగడ మీద ఆరేసి వస్తాను, మధ్యాహ్నానికి ఆరిపోతాయి.”

“ఇవాళే అంటే... నేను కూడా వస్తాను, సామాను పట్టుకుంటా.”

“ఒక్క పెట్టేగా. నువ్వు వస్తే విజయ్ ఏమన్నా అనుకుంటాడు. ఇదిగో, ఈ క్రీము సగం పైగా ఉంది. ఇది నువ్వు ఉంచుకో.”

“నాకెందుకు?”

“నీ ఎడంకాలు బొటనవేలి పక్క సందు చూసుకున్నావా ఈ మధ్య? ఇందాక నువ్వు బకెట్టు అందుకుంటుంటే చూశాను. మళ్ళీ తెల్లబడుతోంది. ముందు పొడిబట్టతో తుడుచుకో, వేలూ వేలూ విడదీసి. తర్వాత పల్చగా రాయి, చుట్టూ బాగున్న చర్మం మీద కూడా కాస్త. దురద తగ్గిందని మానెయ్యకు. ఆ పాత స్లిప్పర్లు పారేసి కొత్తవి కొనుక్కో. నేను పోయాక కూడా ఇంట్లో దురదలు ఆగకపోతే, ఈసారి ఎవరి పేరు రాస్తారు బకెట్టు మీద?”

“ఇలా మాట్లాడకు అన్నా. తిట్టు. తిట్టినా బాగుండేది.”

“అన్నా అన్నావే!”

“అసలు ఇదంతా నీవల్లే వచ్చింది.”

“నావల్లా?”

“నీవల్లే! అవును. ఆ రోజు కేశవరావు గారు అడిగింది నిన్ను కాదు. నన్ను. ‘ఏమయ్యా ప్రేమ్, మీదే ఊరు, మీరు ఎవరి తాలూకు’ అని నన్ను చూసి అడిగాడు. నేను ఇంకా నోరు తెరవనే లేదు. నువ్వు గరిటె పట్టుకుని వచ్చి మధ్యలో దూరి, మాది ఫలానా ఊరండీ అని మొదలెట్టావు. ఎవరడిగారు నిన్ను? పైగా చర్చి వెనకంట! ఏదో ఒక బజారు పేరు చెప్పొచ్చుగా. నోరు మూసుకుని పులుసు వడ్డిస్తే ఈ కంచాలూ లేవు, ఈ రూమూ లేదు. నీ కాంట్రాక్టూ ఉండేది.”

“నేను దూరకపోతే నువ్వేం చెప్పేవాడివి?”

“ఆ?”

“ఆయన అడిగినదానికి. నువ్వేం చెప్పేవాడివి?”

“ఏదో చెప్పేవాణ్ణి. ఒంగోలని.”

“ఒంగోల్లో ఎక్కడ అంటే?”

“ఇప్పుడవన్నీ దేనికి?”

“ఎవరి తాలూకు అంటే?”

“ఆపు అన్నా. నేనేదో చెప్పుకునేవాణ్ణి. నా గొడవ నీకెందుకు?”

“సరే, ఆపుతాను. మా హాస్టల్లో ఒక టీచరమ్మ ఉండేది ప్రేమ్. సర్కారు హాస్టలు. మా పేట ఆడపిల్లే. మా పేటలో మొట్టమొదట ట్రైనింగు పాసైన మనిషి. వానాకాలం వస్తే పిల్లలందరికీ కాలివేళ్ళు పాచిపోయేవి. బూట్లా పాడా, బురదలో నడవడమే. సాయంత్రం అందర్నీ వరసగా కూచోబెట్టి, ఒక్కొక్కడి కాలూ ఒళ్ళో పెట్టుకుని, తన కొంగుతో తడి ఒత్తి ఊదారంగు మందు పూసేది. మంటకి ఏడుస్తుంటే ఊదేది. నేను అందర్లోకీ పెద్దాణ్ణి, నాకు సిగ్గేసేది కాలు ఇవ్వడానికి. కుమారమ్మ టీచరు.”

“...ఎవరు?”

“కుమారమ్మ టీచరు. ఆవిడకో రెండేళ్ళ పిల్లాడుండేవాడు. మందు సీసా పడదోస్తుంటే నేనే ఎత్తుకుని ఆడించేవాణ్ణి.”

“ఆ పేరు గలవాళ్ళు చాలామంది ఉంటారు.”

“ఉంటారు. కానీ నేనొచ్చిన మొదటి ఆదివారం ఫోన్ మోగింది. నువ్వు స్నానంలో ఉన్నావు, నేనెత్తాను. ‘అయ్యా, మా ప్రేమ్ ఉన్నాడా అయ్యా’ అంది. ఆ గొంతు నేనెలా మర్చిపోతాను?”

“నువ్వెవరో ఆమెకి చెప్పావా?”

“లేదు. చెబితే నిన్ను అడుగుద్ది, నువ్వు ఇబ్బంది పడతావు. నేనెవరో తెలీకుండానే ప్రతి ఆదివారం బాగున్నారా అని అడుగుతుంది. బాగున్నామమ్మా అంటాను.”

“అంటే నీకు మొదట్నుంచీ తెలుసు.”

“తెలుసు.”

“వాళ్ళకి చెప్పావా?”

“గొంతు తగ్గించు.”

“అన్నా, చెప్పావా వాళ్ళకి? విజయ్‌కి చెప్పావా? మా అమ్మ ఎవరో, మాది ఎక్కడో... ఎవరికైనా చెప్పావా? నిజం చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటాను!”

“చెప్పేవాణ్ణయితే, ఆయన నిన్ను అడిగినప్పుడు మధ్యలో దూరి నా ఊరు ఎందుకు చెబుతాను తమ్ముడూ?”